2.3 మార్కుల రొట్టె

2023 రొట్టెల పండక్కి మా అమ్మ నెల్లూరు స్వర్ణాల చెరువులో దిగి నాకోసం చదువు రొట్టె పట్టింది. అక్టోబరుకల్లా నేను జర్మనీలో ఉన్నాను. వీసా కోసం బ్లాక్డ్ అకౌంటులో, అంటే అక్కడి ఖర్చులకని ముందే డబ్బేసి ఉంచే ఖాతాలో, 11,208 యూరోలు చూపించడానికి పొలం పాస్‌బుక్కు పట్టుకుని బ్యాంకు చుట్టూ తిరిగింది నాన్న. పేరు మాత్రం రొట్టెకే వచ్చింది.

కోరిక తీరినవాళ్లు మళ్లీ వచ్చి అదే రొట్టె ఇంకొకరికి ఇవ్వాలి. "పట్టా చేతికొస్తేనే తీరినట్టు" అని అమ్మ ఆ బాకీ అలాగే ఉంచింది. చదువైపోయి ఇంటికొచ్చాక, ఈసారి పండక్కి నన్ను వెంటబెట్టుకుని బారాషహీద్ దర్గాకు బయల్దేరింది.

తేడా చెరువు మెట్ల దగ్గరే మొదలైంది. జర్మనీ అలవాటు కొద్దీ ముందున్న మనిషికీ నాకూ మధ్య కాస్త జాగా వదిలి నిలబడ్డాను. అందులో ఒకామె దూరింది. ఆమె వెనక పిల్లలు, పిల్లల వెనక సంచులు, సంచుల వెనక ఆమె ఆడబిడ్డ. అరగంట తర్వాత చూసుకుంటే మొదట నిలబడిన చోటుకన్నా వెనకే ఉన్నాను. అమ్మ అప్పటికే నీళ్లలో ఉంది. "ఏందిరా ఆ నిలబడ్డం, పెళ్లిచూపులకొచ్చినట్టు!"

ఎలాగో దిగి, తలకు కర్చీఫు కట్టుకుని "చదువు రొట్టె" అన్నాను. నాకే వినపడలేదు. ఆదివారం గోడకు మేకు కొట్టాలన్నా జంకే ఊళ్లో ఉండొచ్చాను మరి! పక్కన ఉద్యోగం రొట్టె ఆయన గొంతు అవతలి గట్టుకు వినిపిస్తోంది. అమ్మ మోచేత్తో పొడిచాక నేనూ అరిచాను.

కావలి నుంచి వచ్చిన ఒకక్క కొడుకుతో సహా దగ్గరికొచ్చింది. చెయ్యి చాపుతూ, "నిజంగా తీరిందా నాయనా?" అంది.

"తీరిందక్కా. కానీ..."

ఈ 'కానీ' నాకు అక్కడ అంటుకున్న జబ్బు. మా ప్రొఫెసరు "బాగుంది" అన్నాక, ఏం బాగాలేదో పది నిమిషాలు చెప్పేవాడు. దాచకుండా చెప్పడమే అక్కడ మర్యాద. మొదట్లో ఏడుపొచ్చేది. తర్వాత నేనూ అలాగే తయారయ్యాను.

"కానీ ఒక సబ్జెక్టు రెండుసార్లు పోయింది."

చాపిన చెయ్యి ఆగింది. "మార్కులెన్నొచ్చినయ్?"

"2.3."

"నూటికా?"

"కాదక్కా, అక్కడ 1 వస్తే ఫస్టు. 4 దాకా పాసు. 5 వస్తే ఫెయిలు."

"ఎక్కువొస్తే ఫెయిలా?"

పిల్లాడి మొహం వెలిగిపోయింది. "అమ్మా, నేనూ ఆడికే పోతా!" వాడి వీపు మీద ఒకటి పడింది.

"మరి ఉద్యోగం?"

"రాలేదక్కా. వెతుక్కోమని 18 నెలలు గడువిచ్చారు. నేను ఆరు నెలలకే వచ్చేశాను."

"ఎందుకని?"

"చేపల పులుసు గుర్తొచ్చింది."

అది నూటికి నూరుపాళ్లు నిజం. మామిడికాయ వేసిన పులుసు, అదీ మర్నాటిది. ఆవిడ మాత్రం చెయ్యి పూర్తిగా వెనక్కి తీసుకుంది. కాసేపటికి నా చుట్టూ చెరువు ఖాళీ అయింది. "ఆ అబ్బయ్య కాడ తీసుకోబాకండి, రెండు మార్కుల రొట్టంట" అని ఎవరో ఎవరికో చెబుతున్నారు.

అమ్మ వచ్చి రొట్టె లాక్కుంది. "చదువు రొట్టె! జర్మనీ రొట్టె! మావాడు మాస్టర్స్ చేసొచ్చాడు!" నాలుగు చేతులు ఒకేసారి లేచాయి. అందులో కావలి అక్క చెయ్యే ముందు అందుకుంది. అదే రొట్టె!

"అమ్మా, ఆమెకి నేనిప్పుడే..."

"నోర్ముయ్."

నేను గట్టెక్కి ప్యాంటు పిండుకుంటుంటే అమ్మ ఇంకో రొట్టెతో వచ్చింది. సగం తుంచి నా చేతిలో పెట్టింది.

"ఏం రొట్టె ఇది? ఉద్యోగమా, పెళ్లా?"

"తిను ముందు."

తిన్నాను. కాస్త తియ్యగా, కాస్త తడిగా ఉంది. "ఇప్పుడైనా చెప్పు."

"ఏడ ఏం మాట్లాడాలో తెలిసొచ్చే రొట్టె. అట్టాంటిది లేదన్నారు. ఒకామెని బతిమాలి ఇప్పించుకున్నా."

ఆమెకు నిజంగా తీరిందా అని అడగబోయి, మిగతా ముక్క కూడా నోట్లో పెట్టుకున్నాను.