గద్వాల మట్టికోటకు ఒక మనవి

మట్టికోట గారికి,

కోట పక్క గల్లీ నుంచి నమస్కారాలు.

కోటన్నాక ఎవరినో ఒకరిని ఆపాలి. కర్నూలు నవాబుతో తలపడ్డ గద్వాల రాజు సోమనాద్రి తమరిని కట్టించింది అందుకే. ఫిరంగులకు ఎదురు నిలవాల్సిన మీరు మేకలను, ప్లాస్టిక్ కవర్లను, ‘ఇచ్చట ట్యూషన్లు చెప్పబడును’ కాగితాలను కూడా ఆపలేకపోతే ఎలా?

కార్తీక, మాఘ మాసాల్లో పండితులు మీ దర్వాజ దాటి వచ్చేవాళ్లట. పద్యం చదివితే సన్మానం, సంభావన. ‘విద్వద్గద్వాల’ అన్న పేరు ఊరికే రాలేదు. ఇప్పుడూ చదువుకునేవాళ్లే వస్తున్నారు, లోపల డిగ్రీ కాలేజీ ఉంది కదా! సంభావన మాత్రం ఫీజు రీయింబర్స్‌మెంట్‌గా మారింది. ఎప్పుడు పడుతుందో చెన్నకేశవస్వామికే తెలియాలి. గుడి కూడా లోపలే కాబట్టి అడగడం సులువు.

1924లో రాజుగారు పోతే నిజాం సర్కారు సంస్థానాన్ని తన చేతిలోకి తీసుకుంది. ఆయన రాణి ఆదిలక్ష్మి దేవమ్మ పట్టుబట్టి వెనక్కి తెచ్చుకుంది. మోరి మీద బండ వేయించమని ఆఫీసుల చుట్టూ తిరిగే మా గల్లీవాళ్లకు ఆమె కథ రోజూ చెప్పాలి. 2016లో మనది జిల్లా అయినాక బండ రాలేదు గానీ, ప్లాట్ల బ్రోకర్లు మాత్రం వచ్చారు.

అసలు బాధ వేరే ఉంది. మీ గోడ వానకు నాని పెళ్లలుగా రాలుతోంది. అదే మా మగ్గాల మీద గద్వాల చీరలకు నేసే కోటకొమ్మ అంచు, మీ గోడ మీది కొమ్మల్లాంటి డిజైను, చూడండి, ఒక్క కొమ్మ వంగదు. చీర ఒంటికి నూలు, అంచుకు పట్టు. ఆ రెండింటినీ పోగు పోగుకూ మెలేసి కలపాలి. ఒక్కరితో అయ్యే పని కాదు, పక్కన ఇంకొకరు కూర్చోవాల్సిందే. షోరూంలో ఆ చీర ధర వింటే మీ బురుజుకే కళ్లు తిరుగుతాయి. నేసిన ఇద్దరి కూలి వింటే మళ్లీ తిరుగుతాయి. కోటకొమ్మను ఇన్నేళ్లు నిలబెట్టింది వాళ్లే కాబట్టి, మీ రిపేరు కాంట్రాక్టు కూడా వాళ్లకే ఇప్పిస్తే పోయేది కదా? టెండర్ వేయడానికి డిపాజిట్ ఎక్కడిది అంటారా, అదీ నిజమే.

ఒక చిన్న పని. ఆదివారం మా మేనకోడలి ప్రీ వెడ్డింగ్ షూట్ మీ దగ్గరే. పిల్ల గద్వాల చీర కడుతోంది, కొనలేదు, కిరాయికి తెచ్చాం. డ్రోన్ దిగేదాకా కాస్త రాలకుండా ఉండండి.

ఇట్లు,
మీ గోడ నీడలో బండి పార్క్ చేసుకునేవాడు