పైపు కారితే బకెట్ పెట్టకండి, ఫోన్ చేయండి

న్యూయార్క్ అపార్ట్‌మెంట్లలో మనవాళ్లు కాపురం చేసే తీరులో నన్ను బాగా బాధపెట్టే విషయం ఒకటుంది. పైపు కారినా, గోడ చెమ్మగిల్లినా, స్టవ్ దగ్గర గ్యాస్ వాసన వచ్చినా ముందు ఎవరికీ తెలియకుండా చూసుకుంటాం. ఆఫీసులో సర్వర్ ఆగిపోతే అర్ధరాత్రి పదిమందిని నిద్రలేపుతాం. ఇంట్లో నీళ్లు కారుతుంటే మాత్రం కింద ఏదో ఒకటి పెట్టి ఊరుకుంటాం. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకుంటున్నాం.

క్వీన్స్‌లో మేముండే బిల్డింగ్ సంగతే చెప్తాను. మా పై ఫ్లాట్‌లో ముగ్గురు కుర్రాళ్లుంటారు, ఇద్దరు గుంటూరు వైపు, ఒకరు కరీంనగర్. వాళ్ల బాత్రూంలో కమోడ్ వెనకుండే వాల్వు దగ్గర బొట్టుబొట్టుగా కారడం మొదలైంది. పాత తువ్వాలు చుట్టారు, కింద ఖాళీ పెరుగు డబ్బా పెట్టారు, నిండినప్పుడల్లా పారబోస్తూ వచ్చారు. ఒక వారాంతం ముగ్గురూ ఊరెళ్లారు. ఆదివారం పొద్దున చూస్తే మా బాత్రూం సీలింగ్ మీద పెయింట్ పొక్కులా ఉబ్బింది, వేలు పెడితే మెత్తగా దిగింది. మధ్యాహ్నానికి లైటు చుట్టూ నీళ్లు. బ్రేకర్ ఆపేసి సూపర్‌కి, అంటే బిల్డింగ్ మరమ్మతులు చూసే మనిషికి, ఫోన్ చేశాం. అంతలోనే ప్లాస్టర్ ఊడి టబ్బులో పడింది. సూపర్ వచ్చి, పైకెళ్లి, వాల్వు మార్చేసరికి అరగంట కూడా పట్టలేదు. సీలింగుకి మాత్రం వారాలు పట్టింది. తడి పూర్తిగా ఆరకుండా పైన పెయింట్ కొడితే లోపల బూజు పడుతుంది మరి.

"మేనేజ్‌మెంట్‌కి చెప్తే డిపాజిట్‌లో కోస్తారేమోనని భయపడ్డాం ఆంటీ" అన్నాడు కరీంనగర్ అబ్బాయి. నాకు తిట్టాలనిపించలేదు. అద్దె ఇంట్లో ఏది పాడైనా ఓనర్ కంట పడకుండా మనమే ప్లంబర్ని పిలిపించుకోవడం మన ఊళ్లలో చూస్తూ పెరిగాం. ఇక్కడికొచ్చాక దానికి వీసా టెన్షన్ తోడైంది. కంప్లయింట్ ఇస్తే ఎక్కడో రికార్డవుతుందని, ఖాళీ చేయమంటారని, లేనిపోని గొడవని మన పిల్లలు నిజంగానే నమ్ముతున్నారు.

ఈ రాష్ట్రంలో 2019లో వచ్చిన అద్దెదారుల చట్టం ప్రకారం డిపాజిట్ ఒక నెల అద్దెకు మించకూడదు. ఖాళీ చేసిన 14 రోజుల్లో దేనికెంత కోశారో రాసిచ్చి, మిగతాది వెనక్కివ్వాలి. వాడకం వల్ల సహజంగా అరిగిపోయిన వాటికి కోయడానికి వీల్లేదు. పాతబడి కారే వాల్వు ఓనర్ ఖర్చే. తెలిసీ చెప్పకపోవడం వల్ల కింద ఇంటికి జరిగిన నష్టం మాత్రం మన మెడకు చుట్టుకోవచ్చు. అంటే భయపడాల్సింది చెప్పినందుకు కాదు, చెప్పనందుకు. కంప్లయింట్ ఇచ్చారన్న కక్షతో ఖాళీ చేయించడం చట్టవిరుద్ధం. నగరపాలక ఫిర్యాదుల నంబర్ 311కి ఫోన్ చేస్తే ఇమ్మిగ్రేషన్ స్టేటస్ అడగరు. సూపర్‌కి నోటితో చెప్పినా సరే, ఫోటో తీసి మెయిల్ కూడా పెట్టండి. తేదీతో సహా మీ చేతిలో ఆధారం ఉంటుంది.

చలికాలంలో ఈ మొహమాటం ఇంకా ప్రమాదం. అక్టోబర్ 1 నుంచి మే 31 దాకా న్యూయార్క్ నగరంలో వేడి అందించడం ఓనర్ బాధ్యత. పగలు బయట 55 డిగ్రీల ఫారన్‌హీట్ కంటే తగ్గితే లోపల కనీసం 68 ఉండాలి. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా, బయట ఎలా ఉన్నా, 62 ఉండాలి. రేడియేటర్ చల్లగా ఉంటే మనం ఈ మాట అడగం. ఒక స్పేస్ హీటర్ కొనుక్కుని, ఎక్స్‌టెన్షన్ కార్డుకి తగిలించి, మంచం పక్కన పెట్టుకుని పడుకుంటాం. ఇంకొందరు ఒవెన్ తలుపు తెరిచి వెలిగిస్తారు, అది గ్యాస్ ఒవెన్ అయితే కార్బన్ మోనాక్సైడ్‌తో ప్రాణానికే ముప్పు. 2022 జనవరి 9న బ్రాంక్స్‌లోని 19 అంతస్తుల భవనంలో ఒక స్పేస్ హీటర్ నుంచి మంటలు లేచాయి. మంట పెద్దగా పాకలేదు. కానీ ఆ ఫ్లాట్ వాళ్లు బయటికొచ్చాక తలుపు దానంతటది మూసుకోవాల్సింది, మూసుకోలేదు. పొగ మెట్ల దారిలో నిండిపోయి 17 మంది చనిపోయారు. వాళ్లలో 8 మంది పిల్లలు. మీ ఇంటి తలుపు వదిలేయగానే దానంతటది పూర్తిగా పడుతోందా? ఈ రోజే చూడండి. పడకపోతే సూపర్‌కి చెప్పండి. గాలి కోసమని ఆ తలుపుకి చెప్పు అడ్డం పెట్టే అలవాటుంటే మానేయండి.

పోపు సంగతి కూడా చెప్పాలి. కాగిన నూనెలో ఎండుమిరపకాయలు పడగానే స్మోక్ డిటెక్టర్ మోగని తెలుగు ఇల్లు ఉండదు. ఇక్కడ చాలా ఇళ్లలో స్టవ్ మీదుండే హుడ్ పొగను బయటికి పంపదు, ఫిల్టర్ గుండా పీల్చి మళ్లీ వంటింట్లోకే వదులుతుంది. అందుకని డిటెక్టర్‌కి ప్లాస్టిక్ కవర్ తొడిగేసిన ఇళ్లు నేను కళ్లారా చూశాను. పోపు అయ్యాక దాన్ని తీసేవాళ్లు తక్కువ. అయొనైజేషన్ రకం డిటెక్టర్ వంట పొగకు ఇట్టే మోగుతుంది. ఫొటోఎలక్ట్రిక్ రకం అంత తొందరపడదు. వంటింటి దగ్గరున్నదాన్ని మార్చమని అడగండి, ఈలోపు మోతను కాసేపు ఆపే హష్ బటన్ వాడుకోండి. మూకుట్లో నూనె అంటుకుంటే మాత్రం నీళ్లు పోయొద్దు. స్టవ్ కట్టేసి మూత పెట్టండి, అందుబాటులో స్టీలు పళ్లెం ఉంటే అదైనా సరే.

గ్యాస్ విషయంలో సూపర్‌కి చెప్పడం కూడా తర్వాతి పని. వాసన వస్తే లైటు స్విచ్ ముట్టుకోకుండా అందరూ బయటికి రావాలి, వచ్చాక అత్యవసర నంబర్ 911కి చేయాలి. 2014 మార్చి 12న ఈస్ట్ హార్లెంలో రెండు భవనాలు పేలి కూలి 8 మంది చనిపోయారు. ముందు రోజే కొందరికి వాసన వచ్చిందని, ఎవరూ ఫోన్ చేయలేదని తర్వాత దర్యాప్తులో తేలింది. ఆ ఉదయం ఫోన్ అందాక అరగంటలోపే పేలుడు జరిగింది. ముందు రోజు వాసన వచ్చినవాళ్లు కూడా మనలాగే, ఇంకెవరో చెప్పే ఉంటార్లే అనుకుని ఉంటారు.

వీటన్నిటికంటే నాకు దిగులు పుట్టించేది మన అమ్మానాన్నల సంగతి. పిల్లలు ఆఫీసుకెళ్లాక పదిగంటలు వాళ్లే ఒంటరిగా ఉంటారు. చెత్త సంచి పడేయడానికి కారిడార్‌లోకి వస్తే వెనకే తలుపు మూసుకుని లాక్ పడిపోతుంది. తాళం లోపల, ఫోన్ లోపల. మా అంతస్తులో ఒక పెద్దావిడ అలా చెప్పుల్లేకుండా, శాలువా కూడా లేకుండా లిఫ్ట్ పక్కన నిలబడి కనిపించారు. "ఎవర్నడగాలో తెలీలేదమ్మా, ఇంగ్లీషు రాదు కదా" అన్నారు. మా ఇంట్లో కూర్చోబెట్టి, టీ ఇచ్చి, వాళ్లబ్బాయికి ఫోన్ చేశాం. అదే స్టవ్ మీద పాలు పెట్టి వచ్చి ఉంటే?

అందుకే ఫ్రిజ్ మీద ఒక కాగితం అంటించండి. ఫ్లాట్ నంబర్‌తో సహా ఇంటి అడ్రసు, సూపర్ నంబర్, పక్కింటి వాళ్ల నంబర్ పెద్ద అక్షరాల్లో తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాయండి. 911కి ఫోన్ చేసి "ఫైర్", "గ్యాస్", "తెలుగు" అని, ఆ వెంటనే అడ్రసు చెప్పడం వాళ్ల చేత రెండు మూడుసార్లు అనిపించండి. నీళ్ల వాల్వు ఎటు తిప్పితే ఆగుతుందో, బ్రేకర్ ఏదో చేయి పట్టుకుని చూపించండి. నాన్నగారికి ఇవన్నీ తెలుసులే అనుకోవద్దు. ఆయనకు తెలిసింది ఊళ్లో మేడ మీది ట్యాంకు.

రెంటర్స్ ఇన్సూరెన్స్ లేనివాళ్లు వెంటనే తీసుకోండి. చాలామందికి నెలకు 15, 20 డాలర్లలో వచ్చేస్తుంది. ఓనర్ ఇన్సూరెన్స్ గోడలకే గానీ మీ లాప్‌టాప్‌కి, బట్టలకి రాదు. మన పొరపాటు వల్ల కింద ఇల్లు తడిస్తే ఆదుకునేది కూడా సాధారణంగా ఇదే. బేస్‌మెంట్లలో ఉండేవాళ్లు మాత్రం వరద నీటికి మామూలు పాలసీ వర్తించదని గుర్తుపెట్టుకోవాలి.

మన తెలుగు సంఘం కార్యవర్గానికి ఒక విన్నపం. వీసాల మీద, టాక్సుల మీద ఏటా సదస్సులు పెడుతున్నారు, సంతోషం. ఈసారి ఉగాది వేడుకల్లో ఒక్క అరగంట దీనికివ్వండి. న్యూయార్క్ అగ్నిమాపక శాఖ వాళ్లను అడిగితే ఉచితంగానే వచ్చి చెప్తారు. కొత్తగా వచ్చిన విద్యార్థుల్ని, ఊరి నుంచి వచ్చిన పెద్దవాళ్లని ముందు వరసలో కూర్చోబెట్టండి. వాళ్లు చెప్పేదంతా పక్కన నిలబడి తెలుగులో చెప్పే పని నాకు వదిలేయండి.