పరువా, పరుపా?

మా అపార్ట్‌మెంట్‌లో లిఫ్టు పక్కన ఒక నోటీసు బోర్డు ఉంది. మామూలుగా దాని మీద మోటారు రిపేరు చందా లెక్క, ఎవరో పారేసుకున్న తాళంచెవి సంగతి, కిందటి ఏడాది దీపావళి శుభాకాంక్షలు ఉంటాయి. ఆ ఆదివారం మాత్రం టైపు చేసిన కాగితం అంటించారు. అత్యవసర సర్వసభ్య సమావేశం, అజెండాలో మూడు అంశాలు. ఒకటి బోరు నీళ్ళలో ఉప్పు. రెండు సెల్లార్‌లో కుక్కలు. మూడు, 'మూడో అంతస్తులో ఒకానొక ఫ్లాటు హాలులో స్తంభం పాతిన విషయమై'.

ఆ ఒకానొక ఫ్లాటు మాదే. అయితే స్తంభం పాతలేదు, నిలబెట్టాం. మూడో అంతస్తులో పాతితే రెండో అంతస్తు వాళ్ళ ఫ్యానుకి తగులుతుంది. ఈ తేడా కమిటీకి చెప్పబోతే ప్రెసిడెంటు గారు చెయ్యెత్తి, "మాస్టారూ, టెక్నికల్ విషయాలు తర్వాత. ముందు పరువు విషయం చూద్దాం" అన్నారు. నేను ముప్పై ఏళ్ళు జూనియర్ కాలేజీలో ఫిజిక్సు చెప్పి రిటైరైనవాణ్ణి. టెక్నికల్ విషయాలు తర్వాత అనడం ఆ ముప్పై ఏళ్ళూ విన్నాను కాబట్టి ఊరుకున్నాను.

స్తంభం మా మేనకోడలిది. బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ, రెండేళ్ళు క్లాసుకి వెళ్ళి, నిలువు స్తంభం ఎక్కి దాని చుట్టూ తిరిగే పోల్ డాన్స్ నేర్చుకుంది. ఇప్పుడు వర్క్ ఫ్రమ్ హోమ్ అని వైజాగ్ ఎంవీపీ కాలనీలో మా ఇంటికొచ్చింది. వస్తూ రెండు సూట్‌కేసులు, ఒక మనీప్లాంటు, ముక్కలుగా విప్పిన ఈ ఉక్కు గొట్టం తెచ్చింది. కింద వాచ్‌మన్ అప్పన్న దాన్ని ఎత్తి చూసి, "ఏటి బాబూ ఈ గొట్టాలు, నీళ్ళ టాంకీకేటి?" అన్నాడు. నేను అవునన్నాను. అదే నేను చేసిన మొదటి తప్పు. నిజం చెప్పి ఉంటే రెండు రోజుల్లో అందరికీ విసుగొచ్చేది. అబద్ధం చెప్పేసరికి నీళ్ళ కనెక్షన్‌లో ఏదో మతలబు ఉందని కమిటీ మొత్తం కదిలింది.

సమావేశంలో పరువు గురించి ఐదుగురు మాట్లాడారు. బిల్డింగు పరువు, వీధి పరువు, వైజాగ్ పరువు. ఒకాయన మాటల వేగంలో దేశం దాకా వెళ్ళి, టీ రావడంతో వెనక్కి వచ్చారు. పరువు పడిపోతుందని ఐదుగురికీ బెంగ. పిల్ల పడిపోతే ఏమిటని ఒక్కరూ అడగలేదు. నేను కూడా అడగలేదు, ఎందుకంటే ఆ ప్రశ్న మా ఇంట్లో అప్పటికే అయిపోయింది. ఆ పిల్లే వచ్చిన రోజున అడిగింది: "మావయ్యా, ముందు పరుపు ఎక్కడ వెయ్యాలో చూద్దాం."

స్తంభాలు మన ప్రాంతానికి కొత్త కాదని నేను వినయంగా మనవి చేశాను. సింహాచలం వెళ్ళినవాళ్ళు కప్పస్తంభాన్ని కౌగిలించుకోకుండా తిరిగి రారు. అలా కౌగిలించుకుంటే సంతానం కలుగుతుందని నమ్మకం. విజయనగరంలో దసరా తర్వాత మంగళవారం పైడితల్లి పూజారి సిరిమాను అనే పొడవాటి మాను కొసన ఆకాశంలో కూర్చుని ఊరేగుతుంటే కింద లక్షల మంది దండం పెడతారు. అది భక్తి, ఇది వ్యాయామం, రెండూ ఒకటని నేనెక్కడా అనలేదు. (మినిట్స్‌లో మాత్రం అన్నట్టే రాశారు.) ఇక 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపానులో మా వీధి స్తంభాలే డాన్స్ చేశాయి. మనుషులు స్తంభం మీద ఆడటమే నయమని ఆ రోజు కిటికీలోంచి చూసిన ఎవరికైనా తెలుసు.

"అది వేరు మాస్టారూ, ఇది విదేశీ సంస్కృతి" అన్నారు సెక్రటరీ గారు.

అప్పుడు మల్లఖంబం బయటికి తీశాను. టేకు కంబం నిలబెట్టి, దానికి ఆముదం రాసి, దాని మీద ఆసనాలు వేసే మన దేశపు విద్య అది. మరాఠా పీష్వా రెండో బాజీరావు దగ్గరున్న బాలంభట్ట దేవధర్ దానికి 19వ శతాబ్దం మొదట్లో మళ్ళీ ఊపిరి పోశాడు. మధ్యప్రదేశ్ 2013లో దాన్ని రాష్ట్ర క్రీడగా ప్రకటించింది. పేరులో సంస్కృతం వినపడేసరికి ప్రెసిడెంటు గారి ముఖంలో గీతలు సగం మాయమయ్యాయి. "అయితే పాపని మల్లఖంబం అని చెప్పమనండి. సమస్యే లేదు" అన్నారు. ఫిజిక్సు ఒప్పుకోదని చెప్పాను. మల్లఖంబం కింద లావుగా, పైన సన్నంగా ఉండే కర్ర. పట్టు మరీ బిగుసుకోకుండా చర్మం కదలడానికి దానికి ఆముదం రాస్తారు. ఇది పై నుంచి కిందదాకా 45 మిల్లీమీటర్ల వ్యాసంతో సమానంగా ఉండే ఉక్కు. దీనికి చుక్క నూనె తగిలినా మనిషి కిందికి వస్తాడు. పాత పేరు పెట్టి, పాత అలవాటు కొద్దీ ఆముదం కూడా రాస్తే నేరుగా ఆస్పత్రే. అంతర్జాతీయ క్రీడా సమాఖ్యల ఉమ్మడి సంఘం 2017లో పోల్ స్పోర్ట్స్ సమాఖ్యకు పరిశీలక హోదా ఇచ్చిందని కూడా చెప్పాను. దానికి ఎవరూ చలించలేదు. పరిశీలకుడు అన్న మాటకి మన అపార్ట్‌మెంట్లలో విలువ తక్కువ, ఇక్కడ బాల్కనీకొకరున్నారు.

నాకు గుర్తున్న ఇంకో విషయం మాత్రం సభలో చెప్పలేకపోయాను. మా చిన్నప్పుడు సంత రోజున ఊళ్ళోకి కొన్ని కుటుంబాలు వచ్చేవి. డోలు మోగించి, వెదురు గడ నిలబెట్టేవి. ఎనిమిదేళ్ళ పిల్ల దాని కొసకెక్కి, పొట్ట మీద ఆని, చేతులు వదిలేసి గాలిలో తిరిగేది. కింద పరుపు లేదు, గోనెసంచి కూడా లేదు. మేం ఐదు పైసలు, పది పైసలు వేసేవాళ్ళం. పెద్దవాళ్ళు చప్పట్లు కొట్టి, ఇంటికెళ్ళాక ఆ కులం పేరునే ఆడపిల్లల మీద తిట్టుగా వాడేవాళ్ళు. అదే విద్యకి ఇప్పుడు బెంగళూరులో నెలకి వేలల్లో ఫీజు కడుతున్నారు. సభలో నోరు విప్పలేకపోవడానికి కారణం మర్యాద కాదు. ఆ చప్పట్లలో నావీ ఉన్నాయి.

సరే, పడిపోవడం సంగతికొద్దాం. ఈ విద్యలో అసలు సబ్జెక్టు అదే.

మా హాలుకి నాలుగేళ్ళ కిందట ఫాల్స్ సీలింగ్ చేయించాం. మధ్యలో పెద్ద గులాబీ, చుట్టూ నీలం లైట్లు. మా ఆవిడకి అదంటే ప్రాణం. స్తంభం బిగించడానికి వచ్చిన కుర్రాడు గులాబీ వైపు చూసి, "దీనికే పెట్టేద్దాం సార్, ఏనుగుని కట్టినా ఆగుద్ది" అన్నాడు. మేనకోడలు కుర్చీ ఎక్కి వేలితో తట్టింది. డొల్ల. ఈ రకం స్తంభం నేలకీ కప్పుకీ మధ్య ఒత్తిడితోనే నిలబడుతుంది. కాబట్టి పైన ఉండాల్సింది గట్టి కాంక్రీటు స్లాబు. ఫాల్స్ సీలింగ్ తన బరువు తను మోసుకోవడానికే పుట్టింది. చివరికి గులాబీ మధ్యలో రంధ్రం కోసి, స్లాబు దాకా గొట్టం పంపారు. రసమట్టం పెట్టి నిటారుగా ఉందో లేదో నాలుగు వైపులా చూశారు. ఆ తర్వాత కూడా ఆ పిల్ల ప్రతిరోజూ మొదలెట్టే ముందు స్తంభాన్ని ఊపి చూసి, బిగింపు చూసుకుని గానీ చెయ్యి వెయ్యదు. మా ఆవిడ మూడు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. గులాబీకి అశౌచం.

విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు అని పెరిగినవాణ్ణి కనక గొట్టం మన ఫ్యాక్టరీదేనా అని ఆశగా అడిగాను. మనవాళ్ళు చేసేది ఇళ్ళకి వేసే కడ్డీలు, వైర్ రాడ్ల లాంటివి. ఇలాంటి నిగనిగలాడే క్రోమ్ గొట్టం కాదు. హక్కు నాకు ఉక్కు మీదే, నిగారింపు మీద లేదు.

వైజాగ్‌లో ఈ విద్యకి అసలు శత్రువు కమిటీ కాదు, ఉక్కపోత. మే నెలలో ఇక్కడ ఊరికే కూర్చున్నా చొక్కా తడిసిపోతుంది. తడి చేతిలో ఉక్కు ఆగదు. పోనీ ఏసీ పూర్తిగా పెట్టుకుందామంటే, చల్లబడిన గొట్టం కూడా జారుతుందట. అందుకని ఫ్యాను, పొడి తువ్వాలు, చేతికి కాస్త చాక్ పొడి. గొట్టాన్ని మధ్యమధ్యలో స్పిరిట్‌తో తుడుస్తూ ఉంటుంది. ఇల్లంతా ఇంజెక్షన్ వాసన. ఉంగరాలు, గాజులు, వాచీ తీసేయాలి. ఆ రోజు ఒంటికి క్రీము, కొబ్బరినూనె పనికిరావు. మొదటి వారం పిల్ల భుజాలు పట్టేశాయని మా ఆవిడ ప్రేమగా నువ్వులనూనె వెచ్చచేసి మర్దనా చేసింది. మర్నాడు ప్రాక్టీసు సెలవు. అప్పటినుంచి మా ఇంట్లో క్యాలెండరు మీద తలంటు రోజులకి ఎర్రచుక్క పెడుతున్నాం.

ఆ పిల్ల దినచర్య చూస్తే మా కాలేజీ ల్యాబు గుర్తొస్తుంది. ముందు పావుగంట ఒళ్ళు వేడెక్కించుకోవడం. మణికట్లు, భుజాలు, నడుము. వేలాడేటప్పుడు భుజాలు చెవుల దాకా పోకుండా కిందికి లాగి పట్టుకోవాలి, లేకపోతే బరువంతా కీలు మీద పడుతుంది. ఏ కదలికైనా కుడివైపు ఎంత చేస్తే ఎడమవైపూ అంత చెయ్యాలి. దిగడం రానిదే ఎక్కకూడదు. ఫైర్‌మాన్ స్పిన్, చైర్ స్పిన్ లాంటివి నేలకి దగ్గరగా ఉండే తిరుగుళ్ళు. తర్వాత ఎక్కడం, తొడలతో పట్టి కూర్చోవడం. తలకిందులయ్యే ఇన్వర్ట్ అన్నది నెలల తరబడి పొట్టకీ చేతులకీ బలం తెచ్చుకున్నాకే. కాళ్ళు విసిరి ఊపు మీద తిరగబడితే అది ఇన్వర్ట్ కాదట, అదృష్టమట. కొత్త కదలిక మొదటిసారి వీడియో చూసి ఒంటరిగా చెయ్యదు. టీచర్ దగ్గర నేర్చుకుని, పక్కన ఒక మనిషి నిలబడితేనే చేస్తుంది. ఆ మనిషిని నేను. నన్ను స్పాటర్ అంటారు. నాకొచ్చిన అంతర్జాతీయ హోదా అదొక్కటే.

కమిలిన మచ్చలు మామూలే, పిక్కల మీద, తొడల మీద. వాటిని చూసి రెండో అంతస్తు లలితగారు మా ఆవిడని పక్కకి పిలిచి, "మాస్టారు పిల్లని కొడుతున్నారా?" అని అడిగారు. నిజంగా పట్టించుకున్న మనిషి ఆవిడొక్కతే. కమిలితే ఫర్వాలేదు, కీలులో నొప్పి, తిమ్మిరి వస్తే ఆ రోజు అక్కడితో ఆపాలని ఆవిడకి చెబితే శ్రద్ధగా విని, తన మోకాలి గురించి మూడు ప్రశ్నలు అడిగారు.

పరుపు గురించి కూడా మాకు పొరపాటు జరిగింది. మా అమ్మ కాలం నాటి బూరుగుదూది పరుపు అటక మీంచి దించి, పాపకి మెత్తగా ఉంటుందని వేశాను. అది కాలు వేస్తే ఒకచోట లోయ, ఒకచోట గుట్ట. దిగేటప్పుడు మడమ మడతపడటానికి అంతకంటే మంచి ఏర్పాటు లేదు. దీనికి వేరే మందపాటి ఫోమ్ పరుపు ఉంటుంది, గొట్టం చుట్టూ సరిపోయేలా మధ్యలో చీలికతో. అదొచ్చాక గాజు టీపాయ్‌ని, టీవీని కూడా సాగనంపాం. కాళ్ళూ చేతులూ చాచి చుట్టూ తిరిగితే ఏమీ తగలకూడదు కదా. టీవీ పోయాక మా ఇంట్లో చర్చలు తగ్గి ప్రశాంతంగా ఉంది.

సత్యశోధన కోసం నేనూ ఒకసారి ప్రయత్నించాను. 59 ఏళ్ళు, 83 కిలోలు, ట్రాక్ ప్యాంటు. ముప్పై ఏళ్ళు ఘర్షణ పాఠం చెప్పినవాణ్ణి, ఉక్కుకీ పాలిస్టర్‌కీ మధ్య ఘర్షణ ఎంతో మర్చిపోయాను. ఎక్కింది అడుగున్నర, దిగడానికి పట్టింది సెకను. "మావయ్యా, అందుకే షార్ట్స్. చర్మమే పట్టు" అంది పరుపు మీద కూర్చున్న నాతో.

ఈ షార్ట్స్ దగ్గరే కమిటీ ఆగిపోయింది. తనిఖీ బృందం అని నలుగురు మా ఇంటికొచ్చారు. కిటికీలకి మందపాటి పరదాలు, తొమ్మిది తర్వాత పాటలు ఆపడం, రెండూ ఒప్పుకున్నాం. మూడోది, నిండు ప్యాంటు. మేనకోడలు నెమ్మదిగా, "ప్యాంటు వేసుకుంటే పడతానండి" అంది. ప్రెసిడెంటు గారు ఆలోచించి, "పడితే పడ్డావమ్మా, పద్ధతిగా పడు" అన్నట్టు తలూపారు. స్లాబు అడగలేదు, బిగింపు అడగలేదు, పరుపు మీద చెప్పులతో నిలబడి తీర్మానం రాశారు.

రిజిస్టరు మోసుకొచ్చిన అప్పన్న అంతసేపూ స్తంభాన్నే పైకీ కిందికీ చూస్తున్నాడు. శ్రీకాకుళం వైపు మనిషి. మోకాలు అరిగి పట్నం రాకముందు ఇరవై ఏళ్ళు తాడిచెట్లెక్కి, లొట్టి అనే కుండ కట్టి కల్లు గీశాడు. "ఓపాలి ఎక్కనా పాపా?" అన్నాడు. పాప అతని మోకాలి సంగతి అడిగి, రెండడుగులకి మించొద్దని చెప్పి, కమిటీని పరుపు మీంచి దింపి, పక్కన నిలబడింది. అప్పన్న లుంగీ ఎత్తి గోచీ బిగించాడు. అరచేతులు తువ్వాలుకి తుడుచుకున్నాడు. పాదాలు రెండూ గొట్టానికి అదిమి, రెండడుగులన్నది మరిచిపోయి, నాలుగు పట్లలో గులాబీ దాకా పోయాడు. ప్రెసిడెంటు గారు చప్పట్లు కొట్టారు. సెక్రటరీ గారు ఫోను తీసి వీడియో పట్టారు.

పైనుంచి గులాబీ రంధ్రంలోకి తొంగిచూసి అప్పన్న అడిగాడు: "ఏటమ్మా, ఇంత ఎక్కితే పైన లొట్టి లేదేటి?"