బాణం ఎడమకి పోతే పిల్ల చెయ్యి వంకర అనకండి

ఇప్పుడే గ్రౌండ్ నుంచి వచ్చాను. ఒళ్ళు ఇంకా మండుతూనే ఉంది, అందుకే ఇది కాస్త పొడుగవుతుంది.

మా అన్నయ్య కూతురు ఇండియన్ బో, అంటే మన వెదురు విల్లు నేర్చుకుంటోంది. పన్నెండేళ్ళ పిల్ల. కొత్త బాణాలు వచ్చిన దగ్గర్నుంచి వేసినవన్నీ ఎడమకే పోతున్నాయి. అటూ ఇటూ చెదిరిపోవడం కాదు, ఎడమ పక్కన ఒకే చోట గుంపుగా పడుతున్నాయి. కోచ్ గారు ముందు రిలీజ్, అంటే నారి వదిలే తీరు బాలేదన్నారు. తర్వాత మోచెయ్యి అన్నారు. ఆ తర్వాత నిలబడే తీరు అన్నారు. ఇవాళ అందరి ముందూ "నీకు ఏకాగ్రత లేదు, ఇంట్లో ఫోన్ చూస్తూ కూర్చుంటావా?" అన్నారు. అర్జునుడు, చెట్టు మీద పక్షి కన్ను, ఆ కథ కూడా మళ్ళీ చెప్పారు. పిల్ల అక్కడ ఏమీ అనలేదు. స్కూటీ ఎక్కాక నెమ్మదిగా అడిగింది, "అత్తా, నా చెయ్యే వంకరా?" అని.

రిలీజ్ చెడితే బాణాలు చెదురుతాయండీ. గుంపుగా పడుతున్నాయంటే పిల్ల ప్రతిసారీ ఒకే పని ఒకేలా చేస్తోందని అర్థం. మెచ్చుకోవాల్సిన చోట తిట్టారు.

నేను విల్లు తీసుకుని పిడి పక్కన చూశాను. బాణం ఆనుకునే ఎడమ వైపు వార్నిష్ లేచిపోయి నల్లగా గీత పడింది. బాణాలు చూశాను. అన్నిటికీ ఒకే వైపు ఈక, అదీ మొదలు దగ్గరే అరిగిపోయింది. బాణం తోక ప్రతిసారీ విల్లుని కొట్టుకుంటూ పోతోంది. వదిలినప్పుడు టక్కుమని చప్పుడు కూడా వస్తోంది. పక్కన నిలబడ్డ ఎవరికైనా వినిపిస్తుంది. ఇన్నాళ్ళూ ఒక్కరూ వినలేదా?

విల్లు మీద 30 పౌండ్లు అని రాసి ఉంది, నారి లాగడానికి అంత బలం కావాలని. అది 28 అంగుళాలు లాగితే. మా పిల్ల లాగేది 25. అంగుళానికి సుమారు రెండు పౌండ్లు తగ్గుతుంది కాబట్టి ఆ వేళ్ళ మీద పడేది 24 పౌండ్లు, అటూ ఇటూగా. మరి బాణాలు? బాణం కాడ ఎంత వంగుతుందన్నది విల్లు బలానికి సరిపోవాలి. ఇంటికి రాగానే కొలిచాను. రెండు కుర్చీలు 26 అంగుళాల దూరంలో పెట్టి, వాటి మీద కాడని అడ్డంగా ఉంచి, సరిగ్గా మధ్యలో రెండు పౌండ్ల బరువు వేలాడదీయాలి. అంటే 907 గ్రాములు. పంచదార తూచి కవర్లో పోసి కట్టాను. కాడ ఎంత కిందికి వంగిందో స్కేలుతో చూసి, 26ని ఆ అంగుళాలతో భాగిస్తే వచ్చేదే కర్ర బాణానికి స్పైన్, అంటే కాడ ఎంత గట్టిదో, ఎన్ని పౌండ్ల విల్లుకి సరిపోతుందో చెప్పే అంకె. మొదటిది 13 మిల్లీమీటర్లు వంగింది, అంటే సుమారు 50 పౌండ్ల విల్లుకి పనికొచ్చే కాడ. రెండోది 18, అంటే 37 దగ్గర. మూడోది 11 మిల్లీమీటర్లే, అంటే 60! మా పిల్ల విల్లుకైతే దాదాపు అంగుళం వంగాలి. ఇవన్నీ ఒకే పెట్టెలో వచ్చిన బాణాలు, "మ్యాచింగ్ సెట్" అని రాసి మరీ పంపారు.

షాపుకి ఫోన్ చేశాను. "మేడం, అందరికీ ఇవే పంపుతాం, ఎవరూ కంప్లైంట్ చెయ్యలేదు" అన్నాడు. "పాప పెద్దదవుతుంది కదా, బలం వచ్చాక సరిపోతాయి" అన్నాడు. ఆరో నంబరు కాలికి పదో నంబరు చెప్పు తొడిగి, పిల్లకి నడక రాదని తిట్టమంటారా? అక్కడితో ఆగాడా, "పాప చిన్నది కాబట్టి బాణం ముందు రెండంగుళాలు కోసెయ్యండి, తేలికవుతుంది" అని సలహా కూడా ఇచ్చాడు. కాడని కోస్తే ఇంకా బిగుసుకుంటుందయ్యా! పొడవు తగ్గేకొద్దీ వంగడం తగ్గుతుంది. ములికి, అంటే బాణం మొన, బరువు పెంచితే మెత్తబడుతుంది, తగ్గిస్తే బిగుసుకుంటుంది. బాణాలు అమ్ముకుని బతికేవాడికి తెలియకపోతే ఇంకెవరికి తెలియాలి?

బాణం తిన్నగా పోతుందని సినిమాలు చూసి అందరూ అనుకుంటారు. నిజానికి మన వెదురు విల్లులో బాణం మధ్యలో కూర్చోదు, పిడికి పక్కన ఆనుకుంటుంది. నారి మాత్రం విల్లు మధ్యకే పరిగెడుతుంది. వేళ్ళ నుంచి జారేటప్పుడు నారి కాస్త పక్కకి తొలుగుతుంది. వెనక నుంచి ఆ తోపు, ముందు ములికి బరువు, ఆ రెంటి మధ్య కాడ విల్లులా వంగి, పిడి చుట్టూ ఒళ్ళు తిప్పి, తోక తగలకుండా బయటపడాలి. బయటపడ్డాక కూడా కాసేపు అటూ ఇటూ ఊగుతూనే పోతుంది. దీనికి ఆర్చర్స్ పారడాక్స్ అని పేరు పెట్టింది అమెరికన్ ఆర్చర్ రాబర్ట్ ఎల్మర్. 1930లలో క్లారెన్స్ హిక్‌మన్ అనే శాస్త్రవేత్త హైస్పీడ్ కెమెరాతో తీసి మరీ చూపించాడు. కాడ మరీ గట్టిదైతే వంగదు, విల్లుని కొట్టుకుని, కుడిచేత్తో లాగేవాళ్ళకి ఎడమకి పోతుంది. మరీ మెత్తనిదైతే కుడికి పోతుంది. దాదాపు నూరేళ్ళ కిందట తేలిపోయిన సంగతిని ఈ రోజుకీ పన్నెండేళ్ళ పిల్ల మోచెయ్యి మీదకి తోస్తున్నారంటే ఏమనాలి!

కోచ్ గారు చెడ్డవారని నేననడం లేదు. ఆయన పెరిగింది కాంపౌండ్‌లో, అంటే చక్రాలు, కేబుళ్ళు ఉండే మిషన్ లాంటి విల్లుతో. కాంపౌండ్‌లో నారిని వేళ్ళతో వదలరు, నారిని పట్టి వదిలే రిలీజ్ ఎయిడ్ అనే చిన్న పరికరం ఉంటుంది, బాణం దాదాపు విల్లు మధ్య గీతలోనే కూర్చుంటుంది. అక్కడ స్పైన్ కాస్త తప్పినా బాణం పక్కకి ఇంతగా కొట్టుకుపోదు. ఆ కళ్ళతోనే వెదురు విల్లుని చూస్తే తప్పు మనిషిదే అనిపిస్తుంది. అదే నా బాధ. తెలియనప్పుడు తెలియదని అనొచ్చు కదా!

నంబర్ల సంగతి ఇంకో దరిద్రం. కార్బన్ బాణానికి 28 అంగుళాల దూరం, 880 గ్రాముల బరువు. అంగుళంలో వెయ్యో వంతు లెక్కన ఎంత వంగితే అంత నంబరు. 500 అంటే అర అంగుళం. కాబట్టి నంబరు పెరిగితే మెత్తన. కర్ర బాణానికి సరిగ్గా తలకిందులు, నంబరు పెరిగితే గట్టి. తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో ఒకాయన "పిల్లలకి పెద్ద నంబరు కొనండి, మెత్తగా ఉంటుంది" అని ఎక్కడో చదివింది పెట్టారు. అది చూసి ఇంకొకాయన కొడుక్కి 60-65 నంబరు కర్ర బాణాలు తెప్పించారు. ఆ అబ్బాయి ఇప్పుడు రావడమే మానేశాడు. "వాడికి ఆర్చరీ రాదులెండి" అన్నారు వాళ్ళ నాన్న నాతో. కొడుకు గురించి అలా అన్నారు, బాణం గురించి ఒక్క మాట లేదు. అది తల్చుకుంటే నాకు నిద్ర పట్టదు.

వెదురుకి ఇంకో చిక్కుంది. ఒక పక్క నుంచి కొలిస్తే ఒక లెక్క వస్తుంది, పావు చుట్టు తిప్పి కొలిస్తే ఇంకో లెక్క. కణుపు ఎక్కడుంది, గోడ ఏ పక్క మందంగా ఉంది, అన్నీ చూసి, గట్టిగా ఉన్న పక్క విల్లుకి ఆనేలా నాక్ గాడి, అంటే తోక దగ్గర నారి కూర్చునే గాడి పెట్టుకోవాలి. ఓపిక ఉన్నవాడు చేసే పని అది. రంపచోడవరం దాటాక ఒక కొండరెడ్డి పెద్దాయన దగ్గర చూశాను. కాడ రెండు చివర్లూ పట్టుకుని, మోకాలికి ఆనించి మెల్లగా నొక్కేవాడు. కొంచెం తిప్పి మళ్ళీ నొక్కేవాడు. నచ్చనిది పక్కన పడేసేవాడు. నచ్చినవాటిని తన విల్లు పక్కనే పెట్టుకునేవాడు, కొడుకు విల్లుకి వేరే కట్ట. స్కేలు లేదు, పంచదార లేదు. ఆ వేళ్ళకి తెలిసిన విద్యలో పదో వంతు ఈ షాపులవాళ్ళకి ఉంటే చాలు.

అలాంటి మనుషుల్ని మనం ఏం చేస్తాం? ఆగస్టు 9న ఆదివాసీ దినోత్సవానికి పిలిచి, విల్లు చేతికిచ్చి, స్టేజీ మీద నిలబెట్టి ఫొటో తీసుకుంటాం. భోజనం పెట్టి పంపించేస్తాం. బాణం ఎలా ఎంచుకుంటావయ్యా అని ఒక్కరైనా అడగరు. ఒక్క అకాడమీ అయినా వాళ్ళని పిలిచి పిల్లలకి చూపించమనదు.

ఎందుకంటే మన దృష్టిలో వెదురు విల్లు అంటే డబ్బు లేనివాళ్ళ ఆట. నా అసలు కడుపుమంట ఇదే, ఈరోజుది కాదు. గ్రౌండ్‌లో మంచి టార్గెట్లు కాంపౌండ్ వాళ్ళకి, ఆ తర్వాత రికర్వ్, అంటే చివర్లు ముందుకి వంగిన విల్లు వాళ్ళకి. చివర్న గోడ పక్కన, ఎండకి ఎదురుగా, చిల్లులు పడ్డ పాత బటర్స్, అంటే టార్గెట్ దిమ్మల ముందు ఇండియన్ బో పిల్లలు. "కాంపౌండ్‌కి ఎప్పుడు మారతారు?" అని అడుగుతారు, అదేదో ఎల్‌కేజీ అన్నట్టు. లక్షలు పోసి కాంపౌండ్ కొనలేని నాన్నలు తల దించుకుంటారు. మన దేశానికి ఆడిన ఆర్చర్ లింబా రామ్ ఎక్కడి నుంచి వచ్చాడు? ఉదయ్‌పూర్ వైపు పల్లెలో వెదురు విల్లుతో తిరిగిన కుర్రాడు. 1992లో బీజింగ్‌లో 30 మీటర్లలో 358 కొట్టి ప్రపంచ రికార్డుని సమం చేశాడు. ఆర్చర్ దీపికా కుమారి మొదలుపెట్టింది ఇంట్లో చేసుకున్న వెదురు విల్లుతోనే. పేపర్లకి ఆ కథ కావాలి, ఆ విల్లు పట్టుకున్న ఇవాళ్టి పిల్ల అక్కర్లేదు. మన విజయవాడ నుంచి ఆర్చర్లు జ్యోతి సురేఖ, ధీరజ్ అంత ఎత్తుకి వెళ్ళారు, గర్వంగా ఉంది. వాళ్ళ సామాను ఎంత జాగ్రత్తగా ట్యూన్ చేస్తారో, అందులో నాలుగో వంతు శ్రద్ధ ఈ పిల్లల బాణాల మీద పెడితే ఎవరి సొమ్ము పోతుంది?

ఆ పెట్టె రేపు వెనక్కి పంపుతున్నాను. ఏ బాణం ఎంత వంగిందో కాగితం మీద రాసి లోపల పెడుతున్నాను. డబ్బు వెనక్కి ఇవ్వకపోయినా సరే, ఆ కాగితం వాళ్ళు చదవాలి. వచ్చే ఆదివారం కొలిచే సరంజామా గ్రౌండ్‌కి తెస్తాను. కోచ్ గారికి ఇష్టం లేకపోతే గేటు బయట కూర్చుంటాను. ఇండియన్ బో పిల్లల అమ్మానాన్నలూ, బాణాలన్నీ తీసుకురండి. విల్లూ తేవాలి, పిల్లనీ తేవాలి. ఎంత దూరం లాగుతోందో చూడకుండా ఏ కాడ సరిపోతుందో నేను చెప్పను.