కొలిచిన తీరు చెప్పని అంకె

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు రేడియేషన్ నడుస్తున్న ఒక మహిళకు తిరుపతిలోనే రెండు చోట్ల ఎమ్మారై తీశారు. రెండో రిపోర్టులో ఏడీసీ విలువ, అంటే గడ్డలో నీటి అణువులు ఎంత సులువుగా కదులుతున్నాయో చెప్పే అంకె, పెరిగింది, వైద్యం పనిచేస్తోందని కుటుంబానికి చెప్పారు. ఆ రెండు కాగితాలూ మేం చూశాం. దశాంశ స్థానాలు రెండేసి ఉన్నాయి. ఎలా కొలిచారన్న ముక్క మాత్రం ఒక్కదాంట్లోనూ లేదు.

ఏడీసీ ఇచ్చే డిఫ్యూజన్ ఎమ్మారైతో మాకు పేచీ లేదు. గడ్డలో కణాలు కిక్కిరిసి ఉంటే నీటి అణువులు కదల్లేవు, ఏడీసీ తగ్గుతుంది. రేడియేషన్, సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు పనిచేసి కణాలు చచ్చేకొద్దీ అది పెరుగుతుంది, చాలాసార్లు గడ్డ సైజు తగ్గకముందే. ముందుగా తెలిస్తే మేలే కదా. ఈ క్యాన్సర్ స్టేజి నిర్ణయంలో స్కాన్లకు అంతర్జాతీయ స్త్రీవైద్య నిపుణుల సమాఖ్య ఫిగో 2018లోనే చోటిచ్చింది.

పేచీ అంకెతో. స్కాన్‌లో వాడిన బీ విలువలు, అంటే నీటి కదలికను యంత్రం ఎంత గట్టిగా పట్టిచూడాలో చెప్పే సెట్టింగులు, మారితే ఏడీసీ మారుతుంది. బీ సున్నా నుంచి లెక్కగడితే రక్త ప్రవాహం కూడా నీటి కదలిక కింద జమవుతుంది. కొలవడానికి బొమ్మ మీద గడ్డలో చిన్న ముక్క చుట్టూ గీత గీస్తే ఒక విలువ, మొత్తం గడ్డ చుట్టూ గీస్తే మరొకటి. లోపల కుళ్లిన భాగం కలిసిందా, విలువ పైకి పోతుంది. పక్కనే పేగులో గ్యాస్ ఉంటే బొమ్మే వంకరపోతుంది. మరి ఈ మహిళ విషయంలో మారింది గడ్డా, గీతా, యంత్రమా? ఎలా కొలిచారో రాయనప్పుడు చెప్పేదెవరు?

అంకె అదనపు సమాచారమేనని, చికిత్సను అన్ని పరీక్షలూ చూసి డాక్టర్లే నిర్ణయిస్తారని రేడియాలజిస్టులు అంటారు. నిజమే కావచ్చు. కానీ రిపోర్టులో అచ్చయిన అంకెను కుటుంబం అదనపు సమాచారంగా చదవదు. ఈ రోజు ధైర్యం చెప్పడానికి వాడిన ఆ అంకే రేపు కీమో మార్చడానికి, మర్నాడు ప్రభుత్వ ఆరోగ్య పథకం కింద అనుమతి నిరాకరించడానికి సాక్ష్యమవుతుంది. ఒకసారి అలవాటైతే ఎలా కొలిచారని అడిగేవాడే ఉండడు.

రాయలసీమ నలుమూలల నుంచి రోగులు తిరుపతికే వస్తారు. స్కాన్ ఒక చోట, చికిత్స మరో చోట, అనుమానం వస్తే వేలూరు సీఎంసీకి పరుగు. యంత్రాలు మారడం ఇక్కడ మామూలు సంగతి. అందుకే ఇక్కడ పట్టింపు ఇంకా ఎక్కువ ఉండాలి. దామలచెరువు మామిడి మండీలో కాటాకు తూనికలు కొలతల శాఖ ముద్ర కావాలి. క్యాన్సర్ గడ్డను కొలిచే యంత్రాన్ని ఏ పరీక్షకు పెట్టారో రోగికి చెప్పాల్సిన పని లేదా?

పరీక్ష ఖరీదైనదీ కాదు. సున్నా డిగ్రీల దగ్గర నీటి ఏడీసీ సెకనుకు 0.0011 చదరపు మిల్లీమీటర్లు. నీళ్ల గొట్టాన్ని ఐసు నీటిలో ఉంచి స్కాన్ చేస్తే యంత్రం ఆ విలువ చూపాలి, చూపకపోతే తేడా యంత్రంలో ఉన్నట్టే. బీ విలువలు, గీత గీసిన భాగం, యంత్రం అయస్కాంత బలం 1.5 టెస్లానా 3 టెస్లానా అన్నది ప్రతి రిపోర్టులో ఉండాలి. చికిత్సకు ముందూ తర్వాతా ఒకే యంత్రం మీద తీయాలి. ఇవి లేని ఏడీసీ ఆధారంగా ఎన్టీఆర్ వైద్యసేవ కింద ఏ నిర్ణయమూ తీసుకోకూడదు.

రంగుల లోగోకు సగం పేజీ ఇచ్చే సెంటర్లకు ఈ వివరాలకు ఒక్క లైను చోటు దొరకదా? రాయలేకపోతే ఆ అంకె వేయడం మానండి.