పిల్లి కళ్లలో దీపాలేమీ లేవు

మా కుటుంబం వాట్సాప్ గ్రూపులో వారం నుంచి ఒకటే మెసేజ్ తిరుగుతోంది. "పిల్లి కళ్లు సొంతంగా వెలుగుతాయి, అందుకే చిమ్మచీకట్లోనూ దానికి అన్నీ కనిపిస్తాయి. గుడ్లగూబకీ గబ్బిలానికీ పగలు చూపుండదు. రోజూ క్యారెట్ తింటే మనకీ పిల్లి చూపు వస్తుంది" అని. పంపింది బాబాయి కాబట్టి అక్కడ ఎవరూ నోరెత్తలేదు. ఇక్కడ చెబుతున్నా.

ముందు ఆ వెలుగు సంగతి. ఊళ్లో కరెంటు పోయిన రాత్రి పశువుల కొట్టం దగ్గరికి వెళ్లి, టార్చిని కణతకి ఆనించి వెయ్యండి. గేదె కళ్లు నిప్పుల్లా మెరుస్తాయి. అదే టార్చిని పక్కవాళ్లకిచ్చి నాలుగడుగులు దూరం నుంచి వెయ్యమనండి, మీకు ఆ మెరుపు దాదాపు కనబడదు. ఆర్పేస్తే అసలే లేదు. సొంత వెలుగైతే టార్చితో పాటు ఎందుకు ఆరుతుంది? కంటి లోపల వెలుతురుని పట్టుకునే పొర రెటీనా; దాని వెనక టపీటమ్ అని అద్దంలాంటి పొర ఒకటుంది. రెటీనా పట్టుకోలేక వదిలేసిన వెలుతురుని అది మళ్లీ రెటీనా మీదికే తిప్పికొడుతుంది. అప్పటికీ మిగిలి బయటికొచ్చిందే మనం చూసే మెరుపు. పిల్లికీ, కుక్కకీ, గేదెకీ ఉన్న ఈ పొర మనకి లేదు, పందికీ లేదు. ఉత్తర ధ్రువం వైపు బతికే రెయిన్‌డీర్‌కైతే వేసవిలో బంగారు రంగులో ఉండే ఈ పొర, పొద్దే పొడవని చలికాలంలో నీలంగా మారుతుంది. నాకు ఈ పిల్లి కబుర్ల కన్నా అదే పెద్ద వింత.

చిమ్మచీకట్లో చూడటం అబద్ధం. మనకి కావాల్సిన వెలుతురులో ఆరో వంతు పిల్లికి చాలు, నిజమే. బొత్తిగా లేకపోతే మాత్రం దానికీ ఏమీ కనపడదు, మీసాలూ చెవులే దిక్కు. పైగా పగలు దాని చూపు మనకన్నా మసక, ఎరుపు సరిగా ఆనదు.

గుడ్లగూబ విషయంలో బాబాయిని పూర్తిగా తప్పుపట్టలేను. మన నిఘంటువులే దాన్ని "దివాంధం" అన్నాయి, అంటే పగటిగుడ్డి. కానీ కంటిపాపని కుదించుకుని అది పగలూ చూస్తుంది. పైడికంటి అని పిలిచే చిన్న గుడ్లగూబ ఇంకా పొద్దుండగానే తీగ మీద కూర్చుని మనల్ని ఎగాదిగా చూడటం ఎవరు ఎరగరు? పగలు కదలకుండా ఉండటానికి కాకుల పోరు ఒక కారణం. గబ్బిలాల్లో కూడా పుట్టుగుడ్డివి లేవు. చింతచెట్లకి వేలాడే పెద్ద పండు గబ్బిలాలు దారి వెతుక్కునేది కళ్లతోనే.

ఇక క్యారెట్. విటమిన్ ఎ తక్కువై రేచీకటి వచ్చినవాళ్లకి అది మందే. ఒంట్లో సరిపడా ఉన్నవాళ్లకి కిలోలకొద్దీ తిన్నా చూపు అదనంగా రాదు. రెండో ప్రపంచ యుద్ధంలో రాత్రిపూట జర్మన్ విమానాలని కూల్చిన బ్రిటిష్ పైలట్ జాన్ కన్నింగ్‌హామ్‌కి "పిల్లి కళ్లు" అని పేరు. అదంతా క్యారెట్ల మహిమేనని బ్రిటన్‌లో ప్రచారం చేశారు. అసలు పని చేసింది విమానంలో పెట్టిన రాడార్. యుద్ధకాలంలో అల్లిన ఆ కబురు 80 ఏళ్లు దాటి మా బాబాయి ఫోన్ దాకా వచ్చింది.