సుఖం సరే, అది ఎవరి ఖాతాలోది?

"నమ్మితే పోయేదేముంది?" బెంగళూరులో తెలుగువాళ్లు నలుగురు కూడిన చోట మతం మాట వస్తే చివరకు ఆగేది ఈ ప్రశ్న దగ్గరే. మారతహళ్లి అపార్ట్‌మెంటులో సత్సంగం నడిపే రిటైర్డ్ బ్యాంకు మేనేజరు ఇదే అంటారు. కె.ఆర్. పురం వైపు ఆదివారం తెలుగు ఆరాధనకు రమ్మని పిలిచే యువ పాస్టరూ ఇదే అంటాడు. వేలకు వేలు రుసుము కట్టించుకుని ఆనందంగా బతకడం ఎలాగో మూడు రోజుల్లో నేర్పే శిబిరాల వాళ్లదీ ఇదే మాట. దేవుళ్లు వేరైనా వాదం ఒక్కటే. నమ్మకం ఉన్నవాడు సుఖపడతాడు. నమ్మకం లేని బతుక్కి అర్థం లేదు. ఆ నమ్మకం నిజమా కాదా అన్నది పరీక్షకు అందే విషయం కాదు.

కలిపి చెప్పినంతసేపూ ఈ మూడూ బాగానే ఉంటాయి. విడదీసి అడిగితేనే చిక్కు. నిజమేనా అంటే, మేలు జరుగుతోంది కదా అంటారు. ఆ మేలు ఎలా జరుగుతోందంటే, అది సత్యం కాబట్టి అంటారు. రెండు ప్రశ్నల్లో ఏది అడిగినా రెండోదాని చాటుకు వెళ్లిపోవడం ఈ వాదంలోని నేర్పు.

ఈ నేర్పుకు లొంగకుండా, తేల్చుకుందాం రమ్మని పట్టుబట్టిన మనిషి ఈ ఊళ్లోనే ఒకరుండేవారు, హెచ్. నరసింహయ్య. మన హిందూపురం పక్కనే ఉన్న గౌరిబిదనూరు ప్రాంతంలో పేదింట పుట్టారు. క్విట్ ఇండియా ఉద్యమంలో జైలుకెళ్లారు. తర్వాత అమెరికాలోని ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో అణుభౌతికశాస్త్రంలో డాక్టరేట్ చేసి తిరిగొచ్చారు. పెళ్లి చేసుకోలేదు. ఖద్దరు బట్టలు, గాంధీ టోపీ, బసవనగుడి నేషనల్ కాలేజీ హాస్టల్లో ఒక గది, అంతే ఆయన సంసారం. బెంగళూరు విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్‌గా ఉండగా 1976లో, మహిమలనూ పరీక్షకు వీలైన మూఢనమ్మకాలనూ పరిశోధించడానికి ఒక సంఘం వేశారు. శాస్త్రీయ దృక్పథాన్నీ ప్రశ్నించే తత్వాన్నీ పెంపొందించుకోవడం పౌరుల విధి అని రాజ్యాంగంలో చేర్చిన 42వ సవరణను పార్లమెంటు ఆమోదించిందీ ఆ ఏడాదే. కాగితం మీద విధి అనిపించుకున్న పనిని ఒక విశ్వవిద్యాలయం చేయబోతే మాత్రం పెద్ద దుమారం రేగింది.

మహిమలను షరతులకు లోబడి చూపించమని కోరుతూ నరసింహయ్య పుట్టపర్తి సత్యసాయిబాబాకు మూడు ఉత్తరాలు రాశారు. జవాబు రాలేదు. అడిగిన తీరే సరికాదని బాబా తర్వాత అన్నారు. చేతిలోంచి ఉంగరాలూ విభూతీ రావడం కాదు, గుప్పిట్లో పట్టని గుమ్మడికాయను రప్పించమని నరసింహయ్య విసిరిన సవాలు ఈ ఊళ్లో పాతతరం వాళ్లు ఇప్పటికీ చెప్పుకుని నవ్వుకుంటారు. 1977లో ఆ సంఘాన్ని రద్దు చేశారు.

విజ్ఞానం ఇంద్రియాలకు అందేవాటి దగ్గరే ఆగాలి, ఆధ్యాత్మికత వాటికి అతీతం అని అప్పుడు వినిపించిన సమాధానం ఇవాళ్టికీ చెల్లుబాటవుతూనే ఉంది. అతీతమైనదాన్ని అతీతంగానే ఉంచితే ఎవరికీ పేచీ లేదు. కానీ ఉంగరం ఇంద్రియాలకు అతీతం కాదు. అది వేలికి పడుతుంది, కంసాలి దాన్ని తూకం వేస్తాడు. నలుగురి ముందూ చూపించి నమ్మించేటప్పుడు ఈ లోకపు వస్తువుగా ఉన్నది, పరీక్ష అనగానే పరలోకానిదైపోతే ఎలా?

హేతువాదులు తరచూ దాటేసే సంగతి ఒకటుంది. వైట్‌ఫీల్డ్‌లో సత్యసాయి సంస్థ 2001లో ప్రారంభించిన సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రిలో గుండె ఆపరేషన్లు పైసా తీసుకోకుండా చేస్తారు. అంతకుముందే అనంతపురం జిల్లాలోని వందలాది పల్లెలకు ఆ సంస్థ తాగునీరు తెచ్చింది. ఆ నీళ్లు తాగిన మనిషి దగ్గరికెళ్లి గుమ్మడికాయ గురించి వాదిస్తే అతను వినడు, వినకపోవడం సబబే. అయితే ఆ ఆసుపత్రిని నిలబెట్టింది భక్తుల విరాళాలు, డాక్టర్ల చేతి పనితనం, నడిపేవాళ్ల క్రమశిక్షణ. ఇవన్నీ కళ్లకు కనబడేవే, లెక్కకు అందేవే. ఆ పుణ్యాన్ని తీసుకెళ్లి ఉంగరం ఖాతాలో జమ చేయడమే నాకు మింగుడుపడనిది.

మొక్కుల లెక్క కూడా ఇలాగే తప్పుతుంది. హైదరాబాదు దగ్గరి చిలుకూరులో వీసా కోసం 11 ప్రదక్షిణలు చేసి మొక్కుకుంటారు, కోరిక తీరాక వచ్చి 108 చేస్తారు. వీసా రానివాడు రెండోసారి వెళ్లడు. కాబట్టి గుడిలో చేతిలో కాగితం పట్టుకుని 108 లెక్కపెట్టుకుంటూ తిరిగేవాళ్లందరూ వీసా వచ్చినవాళ్లే. రానివాడు ఇక్కడ మారతహళ్లిలో తన గదిలో కూర్చుని, శ్రద్ధ ఎక్కడ తగ్గిందా అని తనను తాను తిట్టుకుంటూ ఉంటాడు. ఇది రెండు వేల ఏళ్లు దాటిన కిటుకు. ఓడ మునిగే వేళ దేవతలకు మొక్కుకుని బతికినవాళ్లు గుడికి సమర్పించిన పటాలను చూపించి, చూశావా మహిమ అంటే, మునిగిపోయినవాళ్ల పటాలేవి అని డయాగరస్ అనే గ్రీకు నాస్తికుడు అడిగాడట. ఈ కథను మనకు మిగిల్చింది రోమన్ రచయిత సిసెరో.

మునిగినవాళ్లనూ లెక్కలోకి తీసుకుని చేసిన పరీక్ష కూడా ఉంది. ఇతరులు చేసే ప్రార్థన రోగికి మేలు చేస్తుందా అని అమెరికాలో 1,802 మంది గుండె బైపాస్ రోగుల మీద చేసిన అధ్యయనం 2006లో వెలువడింది. మీకోసం ప్రార్థించవచ్చు, ప్రార్థించకపోవచ్చు అని చెప్పినవాళ్లలో నిజంగా ప్రార్థన అందినవారిలో 52 శాతం మందికి, అందనివారిలో 51 శాతం మందికి ఆపరేషన్ తర్వాత ఇబ్బందులు తలెత్తాయి. తమకోసం తప్పకుండా ప్రార్థిస్తున్నారని తెలిసినవాళ్లలో అది 59 శాతం. పరిస్థితి అంత విషమించిందా అని వాళ్లు బెంగపడ్డారేమోనని పరిశోధకుల్లో ఒకరు అనుమానించారు. నాకు ఈ అనుమానం సమంజసంగానే తోస్తుంది. మన ఇళ్లలోనూ ఆసుపత్రి మంచం మీదున్న మనిషి చెవిన ఇంట్లో మృత్యుంజయ హోమం చేయిస్తున్నారన్న మాట పడితే ధైర్యం వస్తుందో, ఉన్నది పోతుందో చెప్పలేం.

మతంలో ఉన్నవాళ్లు కాస్త ఎక్కువ సంతోషంగా ఉంటారన్నది మాత్రం కొట్టిపారేయాల్సిన మాట కాదు. సర్వేలు చేసే ప్యూ సంస్థ 2019లో ఇచ్చిన నివేదిక ప్రకారం అమెరికాలో మత కార్యక్రమాల్లో చురుగ్గా పాల్గొనేవాళ్లలో 36 శాతం మంది తాము చాలా సంతోషంగా ఉన్నామన్నారు. పేరుకే మతం ఉన్నవాళ్లలోనూ, ఏ మతమూ లేనివాళ్లలోనూ అలా అన్నది 25 శాతమే. పేరుకు నమ్మేవాడూ నమ్మనివాడూ ఒక్క చోటే ఉన్నారన్నది గమనించాలి. తేడా తెచ్చింది నమ్మకం కాదు, వెళ్లి నలుగురిలో కూర్చోవడం. సామాజిక పరిశోధకులు చేగ్యూన్ లిమ్, రాబర్ట్ పుట్నం అమెరికాలో చేసి 2010లో ప్రచురించిన పరిశోధన దీన్ని ఇంకా విడదీసి చూపింది. వారం వారం చర్చికి వెళుతూ అక్కడ ముగ్గురి నుంచి ఐదుగురు దగ్గరి స్నేహితులున్నవాళ్లలో 33 శాతం మంది జీవితంతో ఎంతో తృప్తిగా ఉన్నామన్నారు. అంతే క్రమం తప్పకుండా వెళ్లినా అక్కడ స్నేహితులు లేనివాళ్లలో ఆ మాట అన్నది 19 శాతం మందే.

అమెరికా దాకా పోనక్కర్లేదు. మన అపార్ట్‌మెంట్ల క్లబ్‌హౌసుల్లో గీతా ప్రవచనం ముప్పావుగంటలో అయిపోతుంది, హాలు ఖాళీ కావడానికి ఇంకో గంట పడుతుంది. కాగితం ప్లేట్లలో పులిహోర, చిన్న గ్లాసుల్లో కాఫీ తిరుగుతుంటాయి. కొత్తగా ఊళ్లోకి వచ్చిన కోడలికి ఒకావిడ నమ్మకమైన పనిమనిషి ఫోను నంబరు రాసిస్తుంది. కంపెనీ తీసేసిన కుర్రాడి రెజ్యూమెను ఇద్దరు అడిగి మరీ తెప్పించుకుంటారు. మోకాలి ఆపరేషన్ అయిన పెద్దాయన ఇంటికి ఎవరు ఏ రోజు క్యారేజీ పంపాలో వంతులు తేలిపోతాయి. "మంగళవారం మా ఇంటి నుంచి వదినగారూ, మీరు బుధవారం చూసుకోండి." ఆ క్షణంలో ఆ రోజు చెప్పిన శ్లోకం ఏదని అడిగితే చాలామంది తడబడతారు. తెలుగు చర్చిలో ఆరాధన తర్వాత పెట్టే భోజనాల దగ్గరా ఇదే దృశ్యం. పీజీ గదిలో ముగ్గురితో ఉంటూ, పక్క మంచం మనిషి ఊరేదో తెలియకుండా ఏడాది గడిపేసే పిల్లలున్న నగరం ఇది. ఇక్కడ పేరు పెట్టి పిలిచే మనిషి దొరకడమే వరం. ఆ వరం ఇచ్చింది మనుషులు.

హేతువాద సంఘాల వాళ్లు పులిహోర పెట్టరు. ఇది వేళాకోళం కాదు. ఉపన్యాసం, చర్చ, తీర్మానం, ఆపై ఇంటికి బస్సు, అంతే వాళ్ల సభ. జ్వరమొస్తే క్యారేజీ తెచ్చే సంఘం కానంతకాలం వాళ్ల వాదం ఎంత పదునైనదైనా ఇళ్లలోకి రాదు.

ఈ విషయంలో అందరూ చదవాల్సిన పరిశోధన బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ వైద్యులు చేసినది. తమిళనాడులోని ఒక పల్లెలో ముత్తుస్వామి గుడి ఉంది. మనసు చెదిరినవాళ్లను బంధువులు అక్కడికి తెచ్చి కొన్ని వారాలు ఉంచుతారు. 2000లో అలా వచ్చిన 31 మందిని రాగానే ఒకసారి, వెళ్లేటప్పుడు ఒకసారి వైద్యులు పరీక్షించారు. ఫలితం 2002లో బ్రిటిష్ మెడికల్ జర్నల్లో వచ్చింది. లక్షణాల తీవ్రత దాదాపు 20 శాతం తగ్గింది. మందులతో వచ్చే ఉపశమనానికి తీసిపోని మెరుగుదల ఇది. పోనీ అక్కడ భూతవైద్యం ఉందా, ప్రత్యేక క్రతువు ఉందా అంటే ఏమీ లేదు. పొద్దున కాసేపు పూజ, ఆ తర్వాత గుడి ఊడ్చడం, మొక్కలకు నీళ్లు పోయడం లాంటి చిన్న పనులు. పక్కన ఇంటి మనిషి ఒకరు. కసిరేవాళ్లూ భయపెట్టేవాళ్లూ లేని చోటు కావడమే మేలు చేసిందని వైద్యులు రాశారు.

వైద్యులు ఆ గుడిలో పరీక్షలు చేసిన మరుసటి ఏడాదే అదే తమిళనాడులో, 2001 ఆగస్టు 6న ఎర్వాడిలో దర్గా చుట్టూ వెలసిన ఆశ్రయాల్లో ఒకదానికి నిప్పంటుకుంది. గొలుసులతో కట్టేసి ఉంచిన మానసిక రోగులు 28 మంది కాలిపోయారు. అక్కడికి తెచ్చిన బంధువుల నమ్మకం ముత్తుస్వామి గుడికి తెచ్చినవాళ్ల నమ్మకం కన్నా తక్కువదేమీ కాదు. ఒకచోట ఆదరణ ఉంది, ఇంకోచోట గొలుసు ఉంది. మేలు జరిగితే దేవుడి ఘనత, కీడు జరిగితే నిర్వాహకుల తప్పు అని పంచుకోవడం మనకు అలవాటైపోయింది. రెండింటికీ ఒకే లెక్క వేయాలి.

మనసు కుంగినవాళ్ల దగ్గర ఈ సుఖవాదం క్రూరంగా కూడా తయారవుతుంది. నమ్మేవాడు సుఖపడతాడన్నది నిజమైతే, సుఖం లేనివాడికి నమ్మకం చాల్లేదనేగా అర్థం? డిప్రెషన్‌లో ఉన్న పిల్ల వాళ్లమ్మతో, "ప్రార్థన తగ్గించారా?" అనో "ఇంట్లో దీపం పెట్టడం మానేశారా?" అనో అడిగే పెద్దలు అన్ని మతాల్లోనూ ఉన్నారు. నిమ్హాన్స్ ఈ ఊళ్లోనే ఉంది, అయినా అక్కడికి వెళ్లాలన్న మాట చివరన వస్తుంది. బిడ్డను పోగొట్టుకున్న తల్లి, వాడు దేవుడి దగ్గర ఉన్నాడనుకుని ఒక రాత్రి నిద్రపోగలిగితే ఆమెతో తర్కించే హక్కు నాకు లేదు. నీ విశ్వాసం సరిపోలేదని ఆమెతో అన్నవాడితో మాత్రం తర్కించి తీరాలి.

ఇక జీవిత పరమార్థం. పైనుంచి నిర్ణయమైన పరమార్థం లేకపోతే బతుకు శూన్యమంటారు. మదనపల్లెలో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తికి అలాంటి పరమార్థాన్ని పద్నాలుగేళ్లకే చేతిలో పెట్టారు. అడయారులో దివ్యజ్ఞాన సమాజం పెద్దలు ఆ తెలుగు పిల్లవాడిని జగద్గురువు కాబోయేవాడిగా గుర్తించి, అతని కోసం 1911లో ఒక సంస్థనే స్థాపించారు. ఆస్తులు సమకూడాయి, వేలమంది అనుచరులు ఎదురుచూశారు. 1929లో ఆయన ఆ సంస్థను తానే రద్దు చేసి, విరాళంగా వచ్చిన ఆస్తులను ఇచ్చినవాళ్లకు తిరిగి ఇచ్చేశారు. ఆయన నాస్తికుడు కాదు, తర్వాత చెప్పినవన్నీ నేను ఒప్పుకుంటాననీ కాదు. ఒకరు కేటాయించిన పరమార్థాన్ని వద్దని తిప్పి పంపాక కూడా ఆ మనిషి 1986 దాకా నిండుగా బతికారన్నది మాత్రం చరిత్ర.

ఆయనకు వద్దనగల వెసులుబాటు ఉంది. బెంగళూరు వీధులు ఊడ్చే పౌరకార్మికుల్లో చాలామంది ఇంటి భాష తెలుగే. తరాల కిందట రాయలసీమ నుంచీ కోలారు వైపు నుంచీ వలస వచ్చిన దళిత కుటుంబాలు వీళ్లవి, ఎక్కువ మంది మాదిగలు. ఉదయం ఆరున్నరకు కంపెనీ బస్సు కోసం నిలబడిన తెలుగువాడికీ, పక్కనే చీర మీద కోటు వేసుకుని చెత్త ఎత్తుతున్న తెలుగావిడకీ ఒకే భాష, పలకరింపు ఉండదు. ఎవరి ధర్మం వాళ్లు చేయడమే పరమార్థమని సాయంత్రం ప్రవచనంలో విని తల ఊపేది ఆ బస్సెక్కినవాడు. పుట్టుకతో వచ్చిన ధర్మం కోడింగ్ రాయడమని అతనికి ఎవరూ చెప్పలేదు, అతను తాతల వృత్తి వదిలి ఇష్టమైనది ఎంచుకున్నాడు. చీపురు విషయానికొచ్చేసరికి మాత్రం పనీ పరమార్థమూ పుట్టుక దగ్గరే తేలిపోయాయి. దాన్ని రాసింది దేవుడని చెప్పినవాళ్లు తమ ఇంట్లో పిల్లలకు చీపురు రాయలేదు.

2022 జులైలో ఆ పౌరకార్మికులు చీపుర్లు కింద పెట్టి ఉద్యోగాలు పర్మనెంట్ చేయమని సమ్మె చేశారు. ఈ జన్మలో, ఈ జీతంలో, ఈ పెన్షన్‌లో మార్పు కావాలన్నారు. 2025 మే 1న వాళ్లలో 12 వేల మందికి పైగా ప్రభుత్వ నియామక పత్రాలు అందాయి.